వారాల చదువునుండి వేతనపు చదువు వరకు



మీ యూరినుండి హైదరాబాదునకు చదువుకై పోయిన బాలుడు ప్రొద్దు గ్రుంకిన తరువాత ఏమి చేయుచుండునో మీరెన్నడైన అడిగితిరా? ఉదయమున కళాశాలకు పోవునని మీరెరుగుదురు. నెల మొదట మీరు పంపిన సొమ్ము వానికి చేరునని యెరుగుదురు. ఆ సొమ్ము చాలని నెలలో వాడేమి చేయునో మాత్రము మీకు తెలియదు, వాడును చెప్పడు. తండ్రికి తలవంపగునని యొకడు, తల్లి కంట నీరు పెట్టునని మరియొకడు ఈ సంగతిని దాచుచుందురు. చదువుకొనుచు కూలి చేయుట నిజముగా తలవంపా? ఇది నిన్న మొన్న పుట్టిన వింతయా? మన దేశమున బీదపిల్లలు ఇంతకు ముందెట్లు చదువుకొనిరి? ఈ ప్రశ్నలకు చరిత్ర చెప్పు సమాధానమును మీ ముందుంచుటయే ఈ ప్రసంగపు ఉద్దేశము.

మొదట ఆ బాలుడున్న చోటును చూతము. విజయవాడ బాటయు, నాగార్జునసాగరు బాటయు హైదరాబాదులో ప్రవేశించు తావున ఎల్.బి. నగరు కూడలి యున్నది. అచ్చటినుండి కొంచెము లోనికి పోయిన కొత్తపేట, దానిని దాటిన దిల్‌సుఖ్‌నగరు. నల్లగొండ బత్తాయిలను, మామిడిపండ్లను బండ్లకెత్తుకొని కొత్తపేట పండ్ల బజారునకు పోయివచ్చిన రైతులు మీలో పెక్కుమంది యుందురు. గడ్డిఅన్నారము మార్కెట్టని పేరుగల ఆ బజారు 2021 వరకు అచ్చటనే యుండి, పిమ్మట బాటసింగారమునకు తరలినది. దిల్‌సుఖ్‌నగరు పూర్వము పంటభూమియనియు, దిల్‌సుఖ్ రామను జాగీరుదారుని పేర వెలసినదనియు చెప్పుదురు. ఎల్.బి. నగరనగా లాల్‌బహదూర్ నగరు. తండ్రి నీడ పసితనముననే కోల్పోయి, మాతామహుల యింట పెరిగి, దేశమునకు ప్రధానమంత్రియైన లాల్‌బహదూర్ శాస్త్రిగారి పేరది. శాస్త్రి యనునది వారి యింటిపేరు గాదు. కాశీ విద్యాపీఠమున చదివి పొందిన పట్టము. ఈ రెండు పేటల నడుమనే ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కాలమున, విక్టోరియా రాణి జ్ఞాపకార్థము, అనాథ బాలుర కొరకు ఏర్పడిన ఆశ్రమము గలదు. బీదవాని చదువునకును ఈ నేలకును ఉన్న సంబంధము ఈనాటిది గాదు.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగరున బస్సు దిగినచో కంటికి మొదట కానవచ్చునవి కోచింగు కేంద్రముల పలకలు. పోలీసు ఉద్యోగపు పరీక్షలకు, గ్రూపు పరీక్షలకు, కంప్యూటరు విద్యకు తర్ఫీదు నిచ్చునవి ఎన్నియో కలవు. వాని వెనుక సందులలో హాస్టళ్ళు. ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు. గోడకు పుస్తకములు, తీగెకు బట్టలు. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీరుపేటనుండి ఎల్.బి. నగరు వరకు మెట్రో రైలు నడువనారంభించిన పిదప, ఇచ్చట వసించుచు నగరపు పడమటి కొసన పనిచేయుట కూడ సాధ్యమైనది.

ఈ గదులలోనివారు చేయు పనులు పలువిధములు. వేకువజామున వార్తాపత్రికలు పంచువాడొకడు. సాయంకాలము చిన్నపిల్లలకు ట్యూషను చెప్పువాడొకడు. బట్టల దుకాణమున చీరలు విప్పి చూపువారు, జిరాక్సు దుకాణమున నిలుచువారు, రాత్రియంతయు ఫోనులో పరదేశీయులకు సమాధానము చెప్పువారు కలరు. పెండ్లి ముహూర్తముల దినములలో కేటరింగువారి వెంట ఫంక్షను హాళ్ళకు పోయి వడ్డనచేసి, నడిరేయి గడచిన తరువాత గదికి వచ్చువారు కలరు. హోటలు భోజనమును సంచిలో పెట్టుకొని, సెల్‌ఫోను చూపిన దారిని మోటారు సైకిలుపై ఇంటింటికి చేర్చువారు ఇప్పుడధికము.

ఈ కథకు మొదలెచ్చట? బౌద్ధుల జాతక కథలలో తక్షశిల విద్యార్థుల ప్రస్తావన తరచుగా వచ్చును. అందొక కథలో విద్యార్థులు రెండు తెగలుగా చెప్పబడిరి. గురుదక్షిణను ముందుగా చెల్లించినవారొక తెగ. వారిని గురువు ఇంటి జ్యేష్ఠపుత్రులవలె చూచును. చెల్లింపలేనివారు రెండవ తెగ. వారికి పగలు గురువునింట పని, రాత్రి పాఠము. కావున చదువును శ్రమతో కొనుట సుమారు రెండువేల యేండ్లుగా మనవారెరిగినదే. ఇందొక విశేషము గమనింపుడు. అచ్చట పని చెప్పువాడును పాఠము చెప్పువాడును ఒక్కడే. శిష్యుని చేత ఎంత పని చేయించిన వానికి పాఠము చెడునో ఆ గురువునకు తెలియును.

మన తెలుగుదేశమున బీదవిద్యార్థికి ఆధారమైనది వారాల పద్ధతి. ఆదివారమొక యింట, సోమవారమొక యింట, ఇట్లు ఏడు దినములకు ఏడిండ్లు కుదుర్చుకొని భోజనముచేయుచు చదువుకొనెడివారు. వారములు కుదరనివారు మధూకరమెత్తిరి. ఈ పద్ధతిలో విద్యార్థి కాలము వ్యర్థము కాలేదు. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. మంగళవారపు బాలుడు రాకున్నచో ఆ యింటి యిల్లాలు, "పిల్లవానికి ఒంట్లో ఎట్లున్నదో" యని మనిషిని పంపెడిది. పరీక్ష తప్పినచో ఏడిండ్లవారును మందలించెడివారు. అన్నము పెట్టిన చేయి వానిని కనిపెట్టి కూడ చూచెడిది.

అయినను ఆ కాలమును బంగారు కాలమని పొగడరాదు. ఆ యేడిండ్ల తలుపులు అందరికి తెరువబడలేదు. వారములు ఒక కులపు పిల్లలకే చాలవరకు దొరకెను. పొలములో పనిచేయువాని కుమారునకు, మాలమాదిగల పిల్లలకు, ఏ కులపు ఆడపిల్లకైనను ఆ విస్తరి లేదు. 1888లో జన్మించిన భాగ్యరెడ్డి వర్మగారు హైదరాబాదున ఒక న్యాయవాది యింట పనికి కుదిరి, ఆ కొలువులో నుండియే చదువు నేర్చిరి. వారే 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, తమ జాతి బాలబాలికలకు బడులు పెట్టిరి. వారములు దొరకనివానికి పనియే వారమైనదని ఈ జీవితము తెలుపుచున్నది.

పనిచేయుట విద్యార్థి యొక్కనికే గాక తల్లికి కూడ వచ్చెను. 1872లో పుట్టిన టంగుటూరి ప్రకాశముగారి తండ్రి వారి బాల్యముననే గతించిరి. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి బిడ్డలను పెంచిరి. ఆనాడు పూటకూళ్ళ యిల్లు గౌరవమైన వృత్తి కాదు. లోకము చులకనగా చూచెడిది. ప్రకాశముగారు నాటకములలో వేషములు కట్టిరి. వారి గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు వారిని వెంట రాజమహేంద్రవరమునకు గొనిపోయి చదివించిరి. ఆ బాలుడే 1953లో ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రి యయ్యెను. తల్లి చేసిన పనిని, తాను కట్టిన వేషమును ఆయన తన ఆత్మకథలో దాచలేదు. తలవంపు పనిలో లేదని చూపుటకు ఇంతకంటె నిదర్శనమేల?

తరువాత వచ్చినది వసతిగృహముల కాలము. ఒక్కొక్క యింటివారు పెట్టిన అన్నమును సంఘము పెట్టనారంభించెను. కాకినాడ కళాశాలకు 1904నుండి 1919 వరకు అధ్యక్షులైన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు బీదవిద్యార్థులకు పెట్టనికోట యయ్యిరి. హైదరాబాదులో కొత్వాలు రాజబహద్దరు వేంకటరామారెడ్డిగారి పూనికతో 1918లో రెడ్డి హాస్టలు వెలసెను. పల్లెనుండి వచ్చిన తెలుగు బాలునికి నిజాము రాజధానిలో ఒక కప్పు, ఒక కంచము, ఒక గ్రంథాలయము దొరకెను. ఇట్టి హాస్టళ్ళు అనేకము ఆయా కులముల పేరనే ఏర్పడినవన్నది నిజము. ఐనను వారాల పద్ధతిలోని మంచిగుణమొకటి వీనిలో నిలిచినది: రాత్రి గంట కొట్టిన తరువాత రాని బాలుని పేరు వార్డెనునకు తెలియుచుండెను.

ఇంతవరకు చెప్పినది దేశములోని సంగతి. పరాయిదేశమున, అన్నము పెట్టు ఇల్లుగాని సంఘముగాని లేని చోట, తెలుగు విద్యార్థి యేమి చేసెను? దీనికి ఎల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితమును మించిన ఉదాహరణము లేదు. వారు 1895లో భీమవరమున జన్మించిరి. పదుమూడేండ్ల వయసున, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని కాశికి బయలుదేరిన బాలుని, తల్లి వెనుకకు రప్పించి మరల బడిలో కూర్చుండబెట్టెను. మదరాసులో వైద్యము చదివి, మామగారి సాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి సాయముతోను, అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. ఆ సొమ్ము చాలలేదు. స్వదేశమున వైద్యుడైన ఆయన, హార్వర్డు విశ్వవిద్యాలయమున పగలు చదువుచు, రాత్రులందొక ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలను కడుగు పనికి కుదిరిరి. 1930లో అచ్చటనే డాక్టరు పట్టము నందిరి. శరీరములోని కండకు శక్తి యెట్లు సమకూరునో తెలిపిన పరిశోధనలోను, అనేక రోగములకు మందులు కనిపెట్టుటలోను వారి చేయి గలదు. 1948లో స్వర్గస్థులైరి.

ఈ కథను మనము పిల్లలకు తరచుగా చెప్పుదుము. "చూడరా, ఆయన పాచిపని చేసి చదివెను, నీవేల చదువలేవు?" అందుము. ఇట్లు చెప్పుట సగము సత్యము. ఆయన పనిచేసిన ఆసుపత్రి వైద్యకళాశాల ప్రక్కనే యుండెను. దారిలో గంటలు పోలేదు. పనికి ఇంతసేపని మితముండెను. చేసిన పని వైద్యమునకు దూరమైనది గాదు. ఈ మూడును గుర్తుంచుకొనుడు. దిల్‌సుఖ్‌నగరు బాలుని సంగతి చెప్పునపుడు ఇవి మనకు కావలెను.

మరల మన నగరమునకు వత్తము. ఉద్యోగము చేయువాడు కూడ చదువుకొను హక్కుగలవాడని ప్రభుత్వము గుర్తించిన సంవత్సరము 1982. ఆ యేట హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. భారతదేశమున అట్టిది అదియే మొదటిది. 1991లో దానికి డాక్టరు బి.ఆర్. అంబేద్కరుగారి పేరు పెట్టిరి. పుస్తకము ఇంటికి వచ్చును, సెలవు దినములందు పాఠము. పనివాని వేళకు చదువు వంగినది. 1998లో నగరపు పడమట హైటెక్ సిటీ తెరువబడెను. కంప్యూటరు చదువుపై ఆశ పల్లెపల్లెకు ప్రాకెను. 2008 ప్రాంతమున ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వము బీదవిద్యార్థుల బోధన రుసుమును తానే చెల్లించు పథకమును విరివిగా నడిపెను. దానిచే ఎందరో రైతుకూలీల బిడ్డలు ఇంజనీరింగు గడప త్రొక్కిరి. అయినను రుసుము తీరినంత మాత్రమున బ్రతుకు తీరదు. గది అద్దె, మెస్సు సొమ్ము, బస్సు చార్జీ, కోచింగు రుసుము ఎవరిచ్చెదరు? వర్షము తప్పిన యేట తండ్రి యివ్వలేడు. కొడుకు పనికి బయలుదేరును.

వారాల బాలునికిని ఈ బాలునికిని గల భేదమేమి? ఈతడు ఒకరి గడపలో తలవంచి నిలువనక్కరలేదు. వాని సంపాదన వానిది. కులమడుగు ఇల్లాలు లేదు. ఇది గొప్ప లాభము, కాదనరాదు. కాని వాడు రాకపోయిన మనిషిని పంపువారు లేరు. వాని చేత పని చేయించువానికి వాని పరీక్ష యెప్పుడో తెలియదు, తెలిసికొనవలసిన అవసరమును లేదు. భోజనము చేర్చు పనిలో పిలుపులెక్కువగా వచ్చునది రాత్రి భోజనవేళ. విద్యార్థి పుస్తకము తెరువవలసిన వేళయు అదియే. వాన పడిన రాత్రి పిలుపులింకను హెచ్చు. తడిసిన రోడ్డుపై ప్రమాదమును హెచ్చే.

కావున కూలి చేయవచ్చునా కూడదా యని తర్కించుటకంటె, ఎన్ని గంటలు చేయవచ్చునని లెక్కించుట మేలు. ఈ లెక్కను మనముందే చేసిన దేశములు కలవు. అమెరికాలో చదువు మన పిల్లలు, కళాశాల నడుచు దినములలో, విశ్వవిద్యాలయపు ఆవరణలోనే, వారమునకు 20 గంటలకు మించి పనిచేయరాదని అచ్చటి నిబంధన. కెనడావారు 2024లో బయటి పనికి 24 గంటల హద్దు పెట్టిరి. ఈ నిబంధనలు పరదేశీయులను అదుపులో నుంచుటకు పుట్టినవే. ఐనను వానిలో నొక మేలున్నది: గంటలను లెక్కపెట్టువాడొకడున్నాడు. మన దేశములో 14 యేండ్లు నిండని పిల్లలను పనిలో పెట్టరాదనియు, 18 నిండనివారిని ప్రమాదకరమైన పనులలో పెట్టరాదనియు 2016లో సవరించిన చట్టము చెప్పుచున్నది. గేరు మోటారు సైకిలు నడుపుటకును 18 నిండవలెను. 18 దాటిన విద్యార్థి వారమునకెన్ని గంటలు పనిచేసిన చదువు చెడునో చెప్పువారు మాత్రము లేరు. ఆ లెక్క మనమే చేయుదము.

వారమునకు 168 గంటలు. దినమునకు ఎనిమిది చొప్పున నిద్రకు 56. ఆరు దినములు ఆరేసి గంటల చొప్పున కళాశాలకు 36. స్నానము, భోజనము, ప్రయాణము మున్నగువానికి దినమునకు మూడు చొప్పున 21. మొత్తము 113. మిగిలినవి 55 గంటలు. పనికి 20 గంటలిచ్చినచో స్వంత చదువునకు 35 మిగులును, ఇది నడచును. దినమునకు ఐదు గంటల పని యైనచో 35 పోయి 20 మిగులును. ఇది కష్టము, పరీక్షల నెలలో మరియు కష్టము. దినమునకు ఎనిమిది గంటలు ఏడు దినములును పనిచేసినచో 56 కావలెను; ఉన్నవి 55. చదువునకు ఒక్క గంటయు లేదు సరికదా, నిద్రలోనుండి ఒక గంట దొంగిలవలెను. ఇట్టివాడు పగలు తరగతిలో నిద్రించును, లేదా తరగతికే పోడు. మన విశ్వవిద్యాలయములు నూటికి 75 పాళ్ళు హాజరు కోరును. హాజరు తగ్గినచో పరీక్షకు కూర్చుండనీయరు. కూర్చుండినను పాఠములు తప్పును. తప్పిన పాఠములు ఏటేట పేరుకొనును. కడకు డిగ్రీ కొరకు మొదలుపెట్టిన పని మిగులును, డిగ్రీ పోవును.

మీలో చెరువు క్రింద సాగుచేసినవారికి ఈ లెక్క క్రొత్తది గాదు. చెరువు నిండుగా నున్న యేట ఎవరికెంత నీరని యెవరును అడుగరు. నీరు తక్కువైన యేట నీరటి వచ్చి, ఈ పొలమునకు ఇన్ని గంటలు, ఆ పొలమునకు ఇన్ని గంటలని వంతులు వేయును. తూము కడనున్న రైతు రాత్రియంతయు నీరు కట్టుకొన్న కొసనున్న మడి యెండును. బీదవిద్యార్థి కాలము నీరు తక్కువైన చెరువు వంటిది. పని తూము కడనున్న పొలము. చేతికి వెంటనే డబ్బు నిచ్చును కావున నీరంతయు త్రాగును. చదువు కొసమడి. వారాల కాలమున ఆ యిల్లాలు, హాస్టలు కాలమున వార్డెను, ఈ బాలునికి నీరటులైరి. నేడా పని చేయుటకు మీరే మిగిలితిరి.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పవలెను. వారు చేయు ఇంటిపనిని మనము పనిగా లెక్కింపము. ఆ పని నడుమ చదువు మానిన స్త్రీలను మరల పరీక్షలకు సిద్ధపరచిన ఆంధ్ర మహిళా సభను దుర్గాబాయి దేశముఖుగారు మదరాసులో 1937లో నెలకొల్పిరి. నేడు దిల్‌సుఖ్‌నగరు హాస్టళ్ళలోనుండి దుకాణములకును, ట్యూషన్లకును పోవు బాలికలున్నారు. వారి విషయమున గంటలతో పాటు వేళను కూడ అడుగవలెను: పని ముగియునది యెప్పుడు, తిరిగివచ్చు దారి యెట్టిది యని. అడుగుట అనుమానముతో కాక అక్కరతో నుండవలెను. అనుమానించినచో చదువే మాన్పింతురేమోయని భయపడి దాచుదురు. దాచిన చోటనే కీడు పెరుగును.

సుబ్బారావుగారి కథలో గుర్తుంచుకొనుడని చెప్పిన మూడింటిని ఇప్పుడు ప్రశ్నలుగా చేయుదము. ఈసారి పట్టణమునుండి ఫోను వచ్చినపుడు, "ఎంత వచ్చుచున్నది?" అని అడుగకుడు. మొదట, "పనిచోటు నీ కళాశాలకెంత దూరము?" అనుడు. పిమ్మట, "వారమునకెన్ని గంటలు? పరీక్షల మాసమున సెలవిత్తురా?" అనుడు. తరువాత, "ఆ పనిలో నీ చదువునకు పనికివచ్చునదేమైన నున్నదా?" అనుడు. చిన్నపిల్లలకు లెక్కలు చెప్పువాడు తానును లెక్కలు నేర్చును. మందుల దుకాణమున నిలుచువాడు మందుల పేర్లు నేర్చును. అట్టి పని దొరకినచో కూలి కొంచెము తగ్గినను మేలే. ఏ పని గంటలకు హద్దు లేదో, దానిని మానుమని, ఆ లోటునకు మీరు చేయగల సాయమేదో తెలుపుడు. ఊరిలో నలుగురు పెద్దలు కూడి, పరీక్షల నెలలో నొక విద్యార్థి మెస్సు సొమ్మును భరించినచో, వారముల పద్ధతిలోని మంచిగుణమును, దానిలోని కులభేదమును విడిచి, మరల బ్రతికించినవారగుదురు.

తక్షశిలలో రాత్రిపూట పాఠము విన్న శిష్యుడును, ఏడిండ్ల అన్నము తిన్న బాలుడును, బోస్టను ఆసుపత్రిలో పాత్రలు కడిగిన సుబ్బారావుగారును, నేడు ఎల్.బి. నగరు కూడలిలో భోజనపు సంచితో నిలిచిన మీ మనుమడును ఒక త్రోవవారే. వాని పనికి మీరు సిగ్గుపడకున్నచో వాడు దాచడు. దాచకున్నచో గంటల లెక్క మీ చేతికి వచ్చును. ఆ తరువాత కొసమడి యెండకుండ వంతులు వేయుట మీకెరుక లేని విద్య గాదు.